వీధిబడిలో నడవడి శిక్షణము: ఒక చారిత్రక పరిశీలన

1

బాలునకు అక్షరము నేర్పుట వేఱు. నలుగురిలో మెలగుట నేర్పుట వేఱు. మొదటిదానికి చరిత్ర వ్రాసినవారు పెక్కండ్రు. ఓనమాలు, గుణింతములు, వాచకములు, వ్యాకరణములు - వీనిని గూర్చి మన భాషలో పరిశోధనకు కొఱత లేదు. రెండవదాని చరిత్ర మాత్రము ఇంకను చెదరియే యున్నది. తోటిపిల్లలతో పంచుకొనుట, తన వంతు వచ్చువఱకు ఓపిక పట్టుట, ఎదుటివాని మాట వినుట, కోపము నణచుకొనుట, తనకంటె చిన్నవానికి చేయూత నిచ్చుట - వీనినే నేటి విద్యాశాస్త్రజ్ఞులు సాంఘిక నైపుణ్యములని వ్యవహరించుచున్నారు. పేరు క్రొత్తది, వస్తువు పాతది. తెలుగువారి ప్రాథమిక విద్యలో ఈ శిక్షణము ఏ రూపమున నుండెను? ఎవరికి లభించెను? ఎందువలన మాఱెను? ఈ మూడు ప్రశ్నలను లభ్యమైన ఆధారముల ననుసరించి పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా మాటలను చూతము. మన భాషలో ప్రవర్తనకు 'నడవడి' యని పేరు. అది నడచుట నుండి పుట్టినదే కాని తెలియుట నుండి పుట్టినది కాదు. 'ఒద్దిక' యనగా అణకువయు, కలసి మెలసి యుండుటయు. 'పొత్తు' అనగా కలయిక, స్నేహము. పొత్తున గుడుచుట యనగా ఒక్కచోట కూడి భుజించుట. ఈ మాటలన్నియు క్రియను సూచించునవే. నడవడి వల్లె వేయునది కాదనియు, నడచి నేర్వవలసిన దనియు ఎఱిగిన సమాజమే ఈ మాటలను కల్పించుకొని యుండును. మన బడులు ఈ యెఱుకను ఎంతవఱకు నిలుపుకొన్నవి అనునదే విచారణీయాంశము.

నడవడి బడిలో మూడు మార్గముల ప్రవేశించినది. మొదటిది పద్యము, రెండవది కథ, మూడవది బడి యొక్క యేర్పాటు. ఎవరు ఎవరి ప్రక్కను కూర్చుండిరి, ఎవరు ఎవరికి చెప్పిరి, తప్పునకు ఏమి జరిగెను, పండుగనాడు ఏమి చేసిరి - ఇవి యన్నియు మూడవ దానిలోనివి. నీతి బోధను గూర్చి వ్రాసినవారు సాధారణముగా మొదటి రెంటితోనే తృప్తి పడిరి. మూడవదియే పిల్లల స్వభావమును ఎక్కువగా తీర్చినదని నా అభిప్రాయము. దానికి కారణములను క్రింద చూపెదను.

2

మూడవ మార్గమునకు మనకు దొఱకిన విలువైన సాక్ష్యము బళ్ళారి జిల్లా నివేదిక. 1822 జూన్ 25న చెన్నరాజధాని గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరములను పంపవలసినదిగా కలెక్టరులను కోరెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న తన సమాధానమును పంపెను. ఇతడు 1816లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించినవాడు. కావున బడిలో వినిపించు భాష ఇతనికి అపరిచితము కాదు. నేటి అనంతపురము ప్రాంతము కూడ ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే. క్యాంబెల్ లెక్క ప్రకారము ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు గలరు. ఆ బడులలో తెలుగు చెప్పునవి 226, కన్నడము చెప్పునవి 235. సగటున ఒక్కొక్క బడికి పండ్రెండుమంది పిల్లలు మాత్రమే. ఈ చిన్న సంఖ్యను మనసున నుంచుకొనవలెను. పండ్రెండుమంది ఒక యరుగుమీద ప్రొద్దుటి నుండి కూడియున్నప్పుడు ఒకని తీరు మఱియొకనికి తెలియకుండుట అసంభవము.

అయిదవ యేట బాలుని బడికి చేర్చు విధమును క్యాంబెల్ వర్ణించెను. ఆనాడు పంతులును బడిపిల్లలును క్రొత్తపిల్లవాని యింటికి అతిథులై వత్తురు. వినాయకుని ప్రతిమ చుట్టును పిల్లలు వలయముగా కూర్చుందురు. పూజ యైన పిమ్మట పంతులు బాలునిచే ప్రార్థన చెప్పించి, వాని వ్రేలు పట్టి బియ్యములో దేవతా నామమును వ్రాయించును. మఱునాటి నుండి వాడు బడికి పోవును. దీనిని మన మందఱము అక్షరాభ్యాస మనుచున్నాము. కాని అందులో అక్షరము కంటె ముందు జరిగిన దొకటి కలదు. బాలుడు బడికి పోకమునుపే బడి వాని యింటికి వచ్చినది. రేపు ఎవరి ప్రక్కను కూర్చుండవలయునో వారందఱు నేడు వాని గడప త్రొక్కిరి. తల్లిని విడిచి పరుల నడుమకు పోవు పసివాని బెఱకును పోగొట్టుటకు ఇంతకంటె చక్కని ఉపాయము దొఱకుట కష్టము.

ఆ బడులలో పిల్లలు సాధారణముగా నాలుగు తరగతులుగా నుండిరి. పై తరగతిని పంతులు స్వయముగా చూచుకొనుచు, తక్కిన బడిమీద ఒక కన్ను వేసి యుంచును. క్రింది తరగతులకు పెద్దపిల్లలే చెప్పుదురు. ఇసుకలో అక్షరము దిద్దుచున్న చిన్నవాని వ్రేలిని పట్టుకొనునది పంతులు కాదు, నిన్నటివఱకు అదే యిసుకలో దిద్దిన పెద్దపిల్లవాడు. ఈ పద్ధతి వలన తక్కువ వ్యయముతో చదువు సాగుటయు, చెప్పువానికి తన చదువు గట్టిపడుటయు క్యాంబెల్‌ను మెప్పించినవి. ఇంగ్లండు దీనిని అనుకరించుట తగినదే యని కూడ అతడు వ్రాసెను. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు చెన్నపట్టణము ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయమునకు 1789 నుండి పర్యవేక్షకుడై, దేశీయ బాలురు ఇసుకలో వ్రాయుటను చూచి, ఈ విధానమును అచట ప్రవేశపెట్టి, 1797లో లండనులో ప్రకటించెను. అది అచట 'మద్రాసు పద్ధతి'గా ప్రసిద్ధి కెక్కినది.

ఇంగ్లండు ఈ పద్ధతిలో గ్రహించినది ముఖ్యముగా పొదుపు. ఒక ఉపాధ్యాయునితో వందలాది పిల్లలకు చెప్పవచ్చు నని వారి ఉత్సాహము. వీధిబడిలో పండ్రెండుమంది నడుమ జరిగినపు డది వేఱొకటి. నేర్చినది దాచుకొనరాదు, వెనుకబడినవానిని వెంట తీసికొని పోవలెను అను పాఠము, పాఠమని ఎవరును చెప్పకుండగనే, ప్రతిదినము జరిగెడిది. నేటి పరిభాషలో సహకారాభ్యసన మనునది ఇదియే.

3

అయితే వీధిబడిని బంగారు తొడుగులో చూపుట చరిత్రకారునకు తగదు. అదే నివేదికలో మఱొక పార్శ్వము కలదు. ఉదయము ఆఱుగంటలకు బడి తెఱచిన పిమ్మట మొదట వచ్చిన బాలుని అరచేతిలో గౌరవసూచకముగా సరస్వతీ నామమును వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చిన వారికి ఒక్కొక్కటి ఎక్కువ. సోమరిని బెత్తముతో కొట్టుట, రెండు చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుట, ఎడతెగక కూర్చుండి లేచునట్లు చేయుట మున్నగు శిక్షలు గూడ అందు పేర్కొనబడినవి. దూలమునకు వ్రేలాడదీయుటను మనవారు 'కోదండము' అనిరి. గుంజీళ్ళు, గోడకుర్చీ, తొడపాశము అను మాటలు నేటికిని ముసలివారి నోట వినవచ్చును.

ఈ యేర్పాటు బాలునకు ఏమి నేర్పినది? వేళకు వచ్చుట నేర్పినదనుట నిజము. దానితోపాటు, తోటివాడు ముందు వచ్చిన తనకు దెబ్బ పెరుగునని కూడ నేర్పినది. చెప్పునప్పుడు పెద్దపిల్లవాడు చిన్నవానికి తోడు. వచ్చునప్పుడు ప్రతివాడు ప్రతివానికి పోటీ. ఒకే అరుగు ఒద్దికను, ఓర్వలేమిని రెంటిని పెంచినది. బడి యేర్పాటు మంచిదైనను చెడ్డదైనను, అది చెప్పిన పాఠమే నిలుచును.

దసరా పండుగను ఇచట స్మరింపవలెను. వీధిబడి పిల్లలు విల్లంబులు చేబూని, పంతులు వెంట ఇంటింటికి పోయి పద్యములు పాడుట మన పల్లెలలో బహుకాలము సాగిన ఆచారము. గృహస్థులు పంతులకు కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చెడివారు. పంతులకు అది జీవనాధారములో భాగము. పిల్లల దృష్టితో చూచిన నది వేఱు. నలుగురి గొంతుతో తన గొంతు కలుపుట, పరుల వాకిట నిలిచి వినయముగా అడుగుట, తక్కువ యిచ్చినవారిని ఎక్కువ యిచ్చినవారిని ఒక్క తీరున దీవించుట, దొఱకిన బెల్లమును అందఱును పంచుకొనుట - ఇవి యే శతకములోని పద్యముల కంటెను తక్కువ పాఠములు కావు.

4

ఇక పద్యము. వీధిబడిలో నీతికి ముఖ్య సాధనములు శతకములు. సుమతి శతకము బద్దెన కృతమని ప్రసిద్ధి. కర్తృత్వమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. దాని కందములు చిన్నవి. యతిప్రాసల బిగువు వలన ఒకసారి నోటబడిన మఱచుట కష్టము. ఎవరు చెప్పినను వినవలెననియు, విన్నవెంటనే తొందరపడక నిజానిజములు విచారింపవలెననియు ఒక పద్యము చెప్పును. సమయమునకు తగిన మాట పలుకుచు, ఇతరులను నొప్పింపక, తాను నొవ్వక తప్పించుకొనవలె నని ఇంకొకటి. కోపమును పగవానిగను, శాంతమును రక్షగను చూపునది మఱియొకటి. వినుట, పలుకుట, కోపమును ఆపుట - బాలుడు బడిలో నేర్వవలసిన సాంఘిక గుణములలో ఈ మూటికంటె ముఖ్యమైనవి యేవి?

మకుటమును గూడ గమనింపవలెను. 'సుమతీ' అనునది సంబోధనము. పద్యమును చదువు బాలుడు తన నోటితో తననే మంచిబుద్ధి గలవాడా యని పిలుచుకొనుచున్నాడు. తిట్టి చెప్పక, మంచివాడ వని పిలిచి చెప్పు ఈ తీరు బోధనాశాస్త్ర దృష్టితో మెచ్చదగినది.

కాని శతకమంతయు బాలురకొఱకు వ్రాయబడినది కాదు. అందు లోకానుభవము గల పెద్దవాని జాగ్రత్తలు, కొలువులలో మెలగువాని మెలకువలు కలవు. స్త్రీలను, కొన్ని వృత్తులవారిని నమ్మరాదని చెప్పు పద్యములును కలవు. ఇవి పసివాని నోట పడినప్పుడు అవి నేర్పునది పొత్తు కాదు, అనుమానము. శతకమును బడిలోనికి తిరిగి తేవలెనని కోరువారు ఏ పద్యములను ఏ వయసున అని ముందు విచారించుట మంచిది.

అర్థమును గూర్చిన చిక్కు ఇంకొకటి. పాఠ్యములు నిత్యవ్యవహారమునకు దూరమైన పద్యభాషలో నుండుట వలన బాలురు వాని భావము తెలియక చిలుకలవలె వల్లించుచున్నారని 1823లోనే క్యాంబెల్ ఆక్షేపించెను. పరాయివాని నింద యని దీనిని తోసివేయుట సులభము. నేను చదివిన ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో, కోపము పగవాడని చెప్పు ఆ పద్యమునే అప్పగింపలేకపోయి నా తోటివాడొకడు బెత్తపు దెబ్బలు తినెను. పద్యము చెప్పిన దొకటి, బెత్తము చెప్పిన దొకటి. ఆ తరగతిలోని మాకు ఈనాటికిని చక్కగా జ్ఞాపకమున్నది రెండవది.

5

కథా మార్గమున మనకు ముఖ్య గ్రంథము పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక. 1853లో వెలువడిన ఈ గ్రంథమున మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములు కలవు. తరువాతి భాగములను కందుకూరి వీరేశలింగము పంతులు రచించెను. పంచతంత్రమున మిత్రభేదము మొదటిది. హితోపదేశమున మిత్రలాభము మొదటిది. సూరి హితోపదేశ క్రమమును గ్రహించెను. దీనివలన తెలుగు బాలుడు చీలిక కంటె ముందు కలయికను చదివినాడు. వలలో చిక్కిన పావురములు తలకొక దిక్కునకు గింజుకొనక, ఒక్కుమ్మడి వలతోగూడ ఎగిరిపోవుట. ఎలుక వల కొఱుకవచ్చినప్పుడు పావురముల ఱేడు తన కట్టు కంటె ముందు తనవారి కట్లు కొఱుకుమని కోరుట. కాకి, ఎలుక, తాబేలు, లేడి జాతిభేదము మఱచి ఒకదాని నొకటి కాపాడుట - ఇవి మిత్రలాభము. సింహమునకు ఎద్దునకు గల నెయ్యమును నక్క కొండెములతో చెఱచుట మిత్రభేదము. స్నేహము ఎట్లు కుదురునో, ఎట్లు చెడునో రెండును చూపినవాడు సూరి. బడిలో ప్రతిదినము జరుగు కలహములకు సగము మూలము కొండెములే యని ఎఱిగిన ఉపాధ్యాయునకు ఈ గ్రంథము విలువ చెప్పనక్కఱలేదు.

అట్టి గ్రంథము బడిలో ఎట్లు బోధింపబడినది? అది మేలైన గద్యమునకు, వ్యాకరణ శుద్ధికి మేలుబంతిగా నిలిచినది. అందువలననే ఉపాధ్యాయుని దృష్టి కథను వదలి పదముపై నిలిచినది. పావురముల మైత్రి కంటె పదముల సంధి పరీక్షకు ముఖ్యమైనది. ఇది సూరి దోషము కాదు, పరీక్ష దోషము.

1860ల దశకమున ఫలితములను బట్టి పాఠశాలలకు ధనసహాయ మిచ్చు పద్ధతి చెన్నరాజధానిలో అమలులోనికి వచ్చెను. తనిఖీ అధికారి వచ్చి చదువు, వ్రాత, లెక్క పరీక్షించును. ఎందఱు గెలిచిరో దానిని బట్టి సొమ్ము వచ్చును. చిన్నవానికి చేయూత నిచ్చినవానికి మార్కు లేదు. కోపము నణచుకొనిన బాలుని కొలుచుటకు కొలత లేదు. కొలతకు రానిది క్రమముగా బడినుండి జారిపోయెను. ఈ లోపము ఆనాటివారికి తెలియకపోలేదు. 1882 నాటి హంటరు విద్యాసంఘము, ప్రతి పాఠశాలలోని బోధనయు క్రమశిక్షణయు పిల్లల మర్యాద, ప్రవర్తన, శీలములపై మంచి ప్రభావమును చూపునట్లు తనిఖీదారులును ఉపాధ్యాయులును శ్రద్ధ వహింపవలెననియు, ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా మార్గదర్శక గ్రంథములు సిద్ధపఱుపవలెననియు సూచించెను. బోధనతోపాటు క్రమశిక్షణను గూడ పేర్కొనుట ఇచట గమనింపదగినది. నడవడికి పుస్తక మొక్కటియే చాలదని ఆ సంఘము గుర్తించినట్లు దీనివలన తేలుచున్నది.

6

ఇంతవఱకు అరుగుమీది పిల్లలను గూర్చి చెప్పితిని. అరుగు క్రిందనున్న వారి మాట చెప్పనిదే ఈ చరిత్ర పూర్తి కాదు. బళ్ళారి జిల్లాలోని 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. జిల్లా జనములో వేయింటికి ఏడుగురైనను బడిలో లేరని క్యాంబెల్ వ్రాసెను. నేతపనివారు మున్నగువారు ఐరోపా వస్త్రముల పోటీ వలన చితికిపోవుటయు, వెనుక బడులుండిన గ్రామములలో అవి లేకపోవుటయు గూడ అతడు ప్రస్తావించెను. అంటరానివారిగా వెలివేయబడిన కులముల పిల్లలకు ఆ యరుగుమీద చోటు లేదు. కావున వీధిబడి నేర్పిన పొత్తు కొందఱి పొత్తు మాత్రమే. ఎవరితో కలసి కూర్చుండవలెనో నేర్పినట్లే, ఎవరితో కూర్చుండరాదో కూడ ఆ బడి నోరు విప్పకుండనే నేర్పినది. అంతకు మించిన గట్టి పాఠము మఱొకటి లేదు.

ఈ పాఠమును మార్చినవారు నీతిగ్రంథములు వ్రాసినవారు కారు, బడి తలుపులు తెఱచినవారు. 1874లో వీరేశలింగము పంతులు ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించెను. 1910లో భాగ్యరెడ్డివర్మ హైదరాబాదు ఇసామియా బజారులో ఆది హిందువుల పిల్లలకొఱకు పాఠశాలను నెలకొల్పెను. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాషను నేర్చి, సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించెను. గిడుగువారి వ్యావహారికోద్యమమును మనము భాషా విషయముగనే పరిగణించుచున్నాము. బాలుని యింటిమాటను మన్నించుట బాలుని మన్నించుటయే యని తలచినచో, ఆ యుద్యమము నడవడి శిక్షణ చరిత్రలో గూడ ఒక ప్రకరణము. తన మాటకు మన్నన దొఱకని పిల్లవాడు ఇతరుల మాటను మన్నించుట ఎట్లు నేర్చును?

1940లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసులో ఆంధ్ర బాలానంద సంఘమును నెలకొల్పిరి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా వారు పిల్లలచేతనే పాటలు పాడించి, కథలు చెప్పించి, నాటకములాడించిరి. పెద్దవారు చెప్పగా పిల్లలు వినుట గాక, పిల్లలు చెప్పగా పిల్లలు వినుట ఇందలి విశేషము. వీధిబడిలోని పెద్దపిల్లవాడు బెత్తము లేకుండ ఇచట మఱల కనిపించుచున్నాడు.

7

స్వాతంత్ర్యానంతరము 1959లో శ్రీప్రకాశ అధ్యక్షతన మత, నైతిక బోధనా సంఘము ఏర్పడినది. తరువాత కొఠారి విద్యాసంఘము (1964-66) సాంఘిక, నైతిక విలువల బోధనను గూర్చి చర్చించినది. 2020 జాతీయ విద్యావిధానము పంచతంత్ర, జాతక, హితోపదేశ కథలను పిల్లలు చదువవలెనని మఱల సూచించినది. ఈ సూచన మంచిదే. కాని చరిత్ర చెప్పుచున్నది వేఱొకటి: కథ కొఱతపడి మన పిల్లల నడవడి ఎన్నడును చెడలేదు. కథకును బడి నడకకును నడుమ పొందిక లేనప్పుడే చెడినది.

ఇటీవలి రెండు మార్పులు ఈ దృష్టితో చూడదగినవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము బాలుని కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. కోదండము నాటి బడికి ఇది చట్టము చెప్పిన సమాధానము. రెండవది మధ్యాహ్న భోజనము. 2001 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము వండిన భోజనమును ప్రాథమిక పాఠశాలలలో పెట్టవలెనని ఆదేశింపగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 జనవరి నుండి అది అమలులోనికి వచ్చెను. ఆ పథకము ఆకలిని తీర్చుటకు పుట్టినది. అయినను ఏ కులపు పిల్లయైనను ఒకే వరుసలో కూర్చుండి, ఒకే కుండలోని అన్నమును తినుట అరుగు బడి ఎన్నడును నేర్పని పాఠము. పొత్తున గుడుచుట యను మాటకు బడిలో సంపూర్ణార్థము కలుగుటకు ఇంతకాలము పట్టినది. ఎచటనైన ఆ వరుస రెండుగా చీలినచో, ఆనాడు ఆ బడి గోడమీది నీతివాక్యము లన్నియు వ్యర్థములే.

ఈ పరిశీలన వలన తేలినది సంగ్రహముగా ఇది. వీధిబడి నుండి మనము గ్రహింపవలసినవి క్రొత్తపిల్లవాని యింటికి బడి పోవుట, పెద్దపిల్లవాడు చిన్నవానికి చెప్పుట, కూడి పాడి పంచుకొనుట. విడువవలసినవి బెత్తము, అర్థము తెలియని వల్లెవేత, కొందఱికే పఱచిన చాప. పద్యములను కథలను బడికి తేవలెనని వాదించుటకు ముందు, ఆ పద్యము చెప్పుచున్న వేళ తరగతిలో ఎవరు ఎక్కడ కూర్చుండిరో ఒక్కసారి చూడుట ఉపాధ్యాయుని మొదటి పని. నడవడిని గూర్చి పరిశోధించువారు గూడ వాచకములతోపాటు బడిగంటలను, కూర్చుండు వరుసలను, శిక్షలను, పండుగలను ఆధారములుగా గ్రహించిననే ఈ చరిత్ర సమగ్రము కాగలదు.